లగ్గం ముందు వంటసామాను: స్టీలా, ఇనుమా, మట్టా, నాన్‌స్టిక్కా?

ఎంగేజ్‌మెంట్ అయ్యి నెలన్నర, లగ్గానికి ఇంకా మూడు నెలలు. ఈ మధ్యలో నేను చీరల కంటే ఎక్కువ చూసినవి గిన్నెలే, నవ్వుకున్నా పరవాలేదు. ఆఫీసు అయిపోయి గడియారం సెంటర్ నుంచి ఇంటికి నడిచేటప్పుడు స్టీల్ సామాను షాపు ముందర కాళ్లు వాటంతటవే ఆగుతున్నాయి. ఒక చిన్న పోపు గంటెను చేతిలో పట్టుకుని పావుగంట నిలబడ్డ రోజు కూడా ఉంది. "అక్కా, నువ్వు చేసుకునేది బావనా, కుక్కర్‌నా" అని మా తమ్ముడు రోజూ ఒకసారి అడుగుతాడు.

సంతోషం సంగతి సరే, కొనడానికి కూర్చుంటే మాత్రం టెన్షనే. అమ్మ స్టీల్ తప్ప వేరేది వద్దంటుంది. అమ్మమ్మ మట్టి కుండలో కూర రుచి గురించి మొదలుపెడితే ఆపదు. పెద్దమ్మ కూతురు మూడేళ్లుగా నాన్‌స్టిక్ వాడుతోంది, "ఉద్యోగం చేసుకుంటూ అవన్నీ ఎవరు తోముతారే" అంటుంది. కాబోయే అత్తమ్మ ఫోన్‌లో ఒకే మాట చెప్పింది: "బిడ్డా, ఏం తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా, రొట్టె పెంక మాత్రం మంచిది చూసుకో." 

మాది నల్లగొండ, అమ్మమ్మ వాళ్లది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పారే ఊరు, కాబట్టి మాకు పొద్దున, రాత్రి అన్నమే. కాబోయే అత్తగారి వాళ్లది పాలమూరు, జడ్చర్ల దగ్గర, రాత్రి జొన్న రొట్టె లేకపోతే తిన్నట్టే ఉండదట. పెళ్లయ్యాక మహబూబ్‌నగర్‌లో రెండు గదుల అద్దె పోర్షన్‌లో ఉంటాం. వంటగట్టు ఎంత చిన్నదంటే స్టవ్ పెట్టాక రొట్టెల పీటకు చోటు ఉంటుందో లేదో అనుమానమే. ఈ లెక్కలన్నీ వేసుకుని, అందరినీ అడిగి, కొన్ని పాడుచేసుకుని మరీ తెలుసుకున్నవి రాస్తున్నాను. మీకు కూడా ఈ మధ్యే పసుపు కుంకుమ అయ్యి ఉంటే పనికొస్తుంది.

షాపుకు పోకముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, ఒక కాగితం మీద సోమవారం నుంచి ఆదివారం దాకా ఏం వండుతారో రాయండి. పండగ వంటలు వద్దు, మామూలు రోజులవి. మేమిద్దరం ఫోన్‌లో ఇది రాయడానికి గంట పట్టింది, అందులో అరగంట నవ్వడానికే పోయింది, ఎందుకంటే ఆయనకు బెండకాయ కూర అంటే పడదని అప్పుడు తెలిసింది, నాకేమో అదొక్కటే బాగా వచ్చు. చివరికి తేలిందేంటంటే వారంలో అయిదు రోజులు పప్పు లేదా ఏదో ఒక పులుసు, రోజూ ఒక ఫ్రై, నాలుగు రాత్రులు రొట్టె, ఆదివారం మటనో చికెనో. దీనికి అరవై గిన్నెలు ఎందుకు చెప్పండి?

రెండోది పులుపు. మన వంటలో చింతపండు, టమాట, గోంగూర, మామిడికాయ లేని రోజు ఉండదు. పులుపు తగిలితే ఇనుము నల్లబడుతుంది, కళాయి లేని ఇత్తడి చిలుము పడుతుంది, సిల్వర్ (అల్యూమినియం) గిన్నె మెల్లగా గుంతలు పడుతుంది. స్టీల్‌కు, మట్టికి మాత్రం ఏమీ కాదు. ఏ గిన్నె కొన్నా ముందు దీన్ని బట్టి చూడాలి.

మూడోది పొయ్యి. గ్యాస్ మీద ఏదైనా నడుస్తుంది. ఇండక్షన్ కొనే ఆలోచన ఉంటే అయస్కాంతం అంటుకునే అడుగు ఉండాలి. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి పర్సులో వేసుకుని షాపుకు పోండి, అడుగుకు గట్టిగా అతుక్కుంటే ఇండక్షన్ మీద పనిచేస్తుంది. మట్టి, ఇత్తడి, మామూలు సిల్వర్ పనిచేయవు.

నాలుగోది నీళ్లు, మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి దీన్ని వదిలేయడానికి లేదు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు, నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారుచేశారు. మన ఊరి పేరు అట్లా పైకి వచ్చింది, ఏం చేస్తాం. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది, కాబట్టి వంటకు బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. తోమడానికి బోరు నీళ్లు తప్పకపోతే గిన్నెల మీద తెల్లటి పొర కడుతుంది. నిమ్మతొక్క రుద్దినా, వెనిగర్ వేసిన నీళ్లు కాసేపు ఉంచినా పోతుంది. మెరిసే స్టీల్ కొని రెండు నెలలకే తెల్లబడిందని బాధపడేవాళ్లు షాపును తిడతారు, తప్పు నీళ్లది.

ఇక బరువు, తోమేది ఎవరు. ఈ రెండూ కలిపి చూడాలి. బీడు ఇనుప కడాయి నిండా కూరతో ఒంటిచేత్తో లేపి చూడండి, లేపలేకపోతే అది ఎంత ఆరోగ్యమైనా మూలన పడి ఉంటుంది. తోమడానికి పనామె వచ్చే ఇంట్లో నాన్‌స్టిక్ గతి ఏమవుతుందో కూడా ఆలోచించండి, ఆమె చేతిలో ఉండేది స్టీల్ పీచు.

| రకం | పులుపు | తోమడం | బరువు | ఇండక్షన్ | ధర | దేనికి బాగుంటుంది |
|---|---|---|---|---|---|---|
| మామూలు స్టీల్ | తట్టుకుంటుంది | సులువు, మాడితే కష్టం | తక్కువ | చాలావరకు పనిచేయదు | తక్కువ | పప్పు, చారు, పాలు, సర్దిపెట్టడం |
| ట్రైప్లై (మూడు పొరల) స్టీల్ | తట్టుకుంటుంది | సులువే | మధ్యస్థం | పనిచేస్తుంది | ఎక్కువ | కూరలు, పులుసులు, ఫ్రైలు |
| ఇనుము | వద్దు | ఓపిక కావాలి | ఎక్కువ | పనిచేస్తుంది | మధ్యస్థం | రొట్టె, దోసె, ఫ్రై |
| నాన్‌స్టిక్ | తట్టుకుంటుంది | చాలా సులువు | తక్కువ | అడుగును బట్టి | మధ్యస్థం | ఆమ్లెట్, దోసె |
| సిల్వర్, హిండాలియం | వద్దు | సులువు | తక్కువ | పనిచేయదు | తక్కువ | తపాల చెక్క, అన్నం |
| మట్టి | తట్టుకుంటుంది | జాగ్రత్త కావాలి | ఎక్కువ | పనిచేయదు | తక్కువ | చేపల పులుసు, మటన్, పెరుగు |
| ఇత్తడి | కళాయి ఉంటేనే | కష్టం | ఎక్కువ | పనిచేయదు | ఎక్కువ | పరమాన్నం, పాలు |

స్టీల్

అమ్మ చెప్పింది సగం నిజం. స్టీల్ పులుపుకు లొంగదు, పడినా పగలదు, పిల్లలు పుట్టి వాళ్లు నేలకేసి కొట్టినా సొట్ట పడుతుందేమో గానీ పోదు. మిగతా సగం ఏంటంటే, స్టీల్ వేడిని సరిగ్గా పంచదు. అల్యూమినియంతో పోలిస్తే దాదాపు పదిహేను వంతుల్లో ఒక వంతే. అందుకే పల్చటి స్టీల్ గిన్నెలో ఉల్లిగడ్డలు వేయిస్తే మంట తగిలిన చోట నల్లగా, పక్కన పచ్చిగా ఉంటాయి. పప్పు గిన్నె, చారు గిన్నె, పాల గిన్నె లాంటి నీళ్లున్న వాటికి పల్చటి స్టీల్ చాలు. వేపుడుకు వద్దే వద్దు.

వేపుడుకు, కూరకు ట్రైప్లై చూడండి. లోపల తిండికి తగిలే స్టీల్, మధ్యలో అల్యూమినియం, బయట అయస్కాంతానికి అంటుకునే స్టీల్, మూడూ కలిపి అడుగు నుంచి అంచు దాకా ఒకే రేకుగా చేస్తారు. లోపలిది 304 రకం అని రాసి ఉంటే మంచిది, దాన్నే 18/8 అని కూడా అంటారు, అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 202 అని ఉంటే నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకం, డబ్బాలకు పరవాలేదు, ఉప్పూ పులుపూ రోజంతా తగిలే గిన్నెకు నేనైతే తీసుకోను.

ఇక్కడే నేను మోసపోయాను. ఒక షాపులో ట్రైప్లై అని చెప్పి ఇచ్చిన కడాయి ఇంటికి తెచ్చి చూస్తే అడుగున మాత్రమే బిళ్ల అతికించి ఉంది, పక్కలన్నీ పల్చటి స్టీలే. కూర ఉడికేటప్పుడు సరిగ్గా ఆ బిళ్ల అయిపోయే చోట చుట్టూ ఉంగరంలాగా మాడింది. దాన్ని శాండ్‌విచ్ బాటమ్ అంటారు, అదీ చెడ్డదేం కాదు, పులుసుకు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ట్రైప్లై ధర పెట్టి కొనేది కాదు. కొనేటప్పుడు బోర్లా తిప్పి అడుగు చుట్టూ గీత, మెట్టు ఉందేమో వేలితో తడిమి చూడండి. ఉంటే అది బిళ్ల.

స్టీల్‌కు అంటుకుంటుంది అనేవాళ్లకు ఒక చిట్కా. ఖాళీ కడాయిని సన్న మంట మీద వేడిచేసి నాలుగు నీటి చుక్కలు చల్లండి. చుక్క సుయ్యిమని ఆవిరైపోతే ఇంకా కాగలేదు. గోలీలాగా గుండ్రంగా ఉరుకుతూ తిరిగితే అప్పుడు నూనె వేయండి. మొదటిసారి ఆ గోలీలు చూసి నేను అమ్మను పిలిచి మరీ చూపించాను, "ఆడుకో ఆడుకో, కూర ఎప్పుడు చేస్తవ్" అంది.

ఇనుము

అత్తమ్మ ఫోన్ తర్వాత నేను ఎక్కువ టైమ్ పెట్టింది దీనిమీదే. జొన్న రొట్టె చేయడం నేర్చుకోవడానికి రెండు ఆదివారాలు మా వీధి చివర రొట్టెలు చేసి అమ్మే ఆమె దగ్గర కూర్చున్నాను. మరిగే నీళ్లు పోసి పిండి కలిపి, చెయ్యి కాలుతుండగానే మెత్తగా పిసికి, పీట మీద పొడిపిండి చల్లి అరచేత్తో చరుస్తూ తిప్పుతుంది, రొట్టె తనంతట తానే పెద్దదవుతున్నట్టు ఉంటుంది. పెంక మీద వేశాక పైన తడిగుడ్డతో ఒక్కసారి అద్దుతుంది, ఆ నీళ్లు ఆరేలోపు తిప్పేయాలి, ఆలస్యమైతే పగులుతుంది. నావి మొదటి ఆరు రొట్టెలూ తెలంగాణ మ్యాపులాగా వచ్చాయి. ఏడోది కొంచెం పొంగింది. ఆ రోజు ఆయనకు ఫోటో పంపితే "ఇది ఏ జిల్లా?" అని అడిగాడు.

ఈ రొట్టెకు పెంక బాగా కాగాలి, కాగినవేడి నిలబడాలి. తడిగుడ్డ తగిలినా చల్లారకూడదు. అందుకే మందపాటి ఇనుమే కావాలి, నాన్‌స్టిక్ మీద అంత మంట పెట్టకూడదు, పల్చటి రేకు పెంక ఒకవైపు మాడ్చేస్తుంది. రేకు ఇనుము, బీడు ఇనుము అని రెండుంటాయి. బీడుది పోతపోసినది, బరువు, గట్టిగా కింద పడితే విరుగుతుంది, వేడి బాగా నిలుపుతుంది. రేకుది కొట్టి చేసినది, తేలిక, త్వరగా కాగుతుంది. రోజూ రొట్టెకైతే మందంగా ఉన్న రేకు పెంక చాలు, దోసెలు కూడా వేస్తామంటే బీడు బాగుంటుంది.

కొత్త పెంకను పదును పట్టించాలి. కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, చాలా పల్చగా నూనె రుద్ది పొగ వచ్చేదాకా కాచాలి, చల్లారాక మళ్లీ. ఇట్లా నాలుగైదు సార్లు. మధ్యలో ఉల్లిగడ్డ ముక్కలు వేయించి పారేస్తే ఇంకా మంచిది. తర్వాత తడి ఉంచకుండా తుడిచి, కొంచెం నూనె రాసి పెట్టుకుంటే తుప్పు పట్టదు. ఇనుప కడాయిలో వండితే కూరలోకి కొంత ఇనుము దిగుతుంది, పులుపు ఉంటే ఎక్కువ దిగుతుంది, రక్తం తక్కువున్న ఆడవాళ్లకు మంచిదే. కానీ మంచిది కదా అని నాలాగా టమాట కూర వండి రాత్రంతా అందులోనే వదిలేయకండి. పొద్దున కూర నల్లగా, తుప్పు వాసన, కడాయికి పట్టించిన పదును మొత్తం పోయింది, మళ్లీ మొదటి నుంచి.

నాన్‌స్టిక్

నాన్‌స్టిక్‌కు నేను పూర్తి వ్యతిరేకం కాదు. ఆమ్లెట్, పల్చటి దోసె, తక్కువ నూనె వంట, పొద్దున హడావిడి, వీటికి దాన్ని మించింది లేదు. దాని మీది పూత టెఫ్లాన్ అని మనం పిలిచేది, 1938లో అనుకోకుండా కనిపెట్టారు. సుమారు 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడిపోవడం మొదలవుతుంది. కూర ఉడికేటప్పుడు అంత వేడి రాదు గానీ, ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోన్ ఎత్తితే కొన్ని నిమిషాల్లోనే వస్తుంది. కాబట్టి ఖాళీగా కాచకూడదు, పోపుకు వాడకూడదు, చెక్క గంటె తప్ప వేరేది తగలకూడదు.

మా ఇంట్లో ఈ మూడు నియమాలూ మా తమ్ముడు ఒక్క ఆమ్లెట్‌తో మరిచిపోయాడు. స్టీల్ అట్లకాడతో గీరి గీరి తీశాడు, పూత గీతలు పడి పొట్టులాగా లేచింది. మీ ఇంట్లో వంట చేసేది మీరొక్కరే కాకపోతే, నాన్‌స్టిక్ ఒక్కటంటే ఒక్క చిన్న పెనం కొనండి, రెండు మూడేళ్లకు మార్చేదే అని ముందే అనుకోండి. ఐదు ముక్కల నాన్‌స్టిక్ సెట్ గిఫ్ట్‌గా వస్తే మాత్రం కాదనకండి, ఒకటి వాడుకుని మిగతావి అట్టపెట్టెలోనే ఉంచండి.

సిల్వర్

అల్యూమినియాన్ని మనం సిల్వర్ అంటాం, వెండికీ దానికీ ఏ సంబంధమూ లేదు. చవక, తేలిక, వేడి చక్కగా పంచుతుంది. హిండాలియం అంటే అందులో వేరే లోహాలు కొద్దిగా కలిపి గట్టిపరచినది. చింతపండు, ఉప్పు ఉన్నవి వండి నిల్వ ఉంచకూడదు, అంతే.

దీన్ని పూర్తిగా వద్దనుకున్నాను, తపాల చెక్క గుర్తొచ్చి ఆగాను. మిగతా తెలంగాణలో సర్వపిండి, గిన్నప్ప అంటారు కదా, అదే. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కరివేపాకు కలిపిన ముద్దను గిన్నె లోపలే వేళ్లతో అద్ది, మధ్యమధ్య రంధ్రాలు పెట్టి నూనె వేసి, మూతపెట్టి సన్న మంట మీద కాల్చాలి. పల్చటి స్టీల్‌లో మధ్యలో మాడి అంచులు పచ్చిగా ఉంటాయి. మందపాటి సిల్వర్ సర్వలో అయితే చుట్టూ ఒకే రంగులో ఎర్రగా వస్తుంది. ఇంకో సంగతి, వేడి గిన్నెలో పిండి అద్దలేం, చెయ్యి కాలుతుంది. ఒకటి కాలుతుంటే ఇంకొకటి చల్లారాలి. కాబట్టి ఒకే కొలతవి రెండు కొనండి. ఇది ఏ షాపువాడూ చెప్పడు, అమ్మమ్మ చెప్పింది.

మట్టి, ఇత్తడి

మట్టి కుండ మెల్లగా కాగుతుంది, మెల్లగా చల్లారుతుంది, పులుపుకు ఏమీ కాదు. చేపల పులుసు పొద్దున చేసి మధ్యాహ్నం తింటే తేడా తెలుస్తుంది. కొత్తదాన్ని ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తర్వాత గంజి పోసి కాచి పారబోయాలి. సబ్బు పెట్టకూడదు, పీల్చుకుంటుంది, బూడిదో శనగపిండో చాలు. సన్న మంటతోనే మొదలుపెట్టాలి, వేడి కుండలో చల్లనీళ్లు పోస్తే టప్పున పగులుతుంది, నాకు ఒకటి పగిలింది. లోపల రంగురంగుల నిగనిగలాడే పూత ఉన్నవి వంటకు వద్దు, కొన్ని పూతల్లో సీసం ఉంటుంది. ఎట్లాగూ లగ్గంలో ఐరేని కుండలకు కుమ్మరి ఇంటికి పోతారు కదా, అప్పుడే ఒక కూర కుండ, ఒక పెరుగు గురిగి అడిగి చేయించుకోండి, ఆన్‌లైన్‌లో పెట్టే డబ్బుల్లో సగం కూడా కావు.

ఇత్తడి గురించి పెద్దగా చెప్పేది లేదు. అందంగా ఉంటుంది, లోపల కళాయి లేకుండా పులుపు వండకూడదు. కళాయి అంటే తగరం పూత, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీగా కాచకూడదు, అరిగిపోతే మళ్లీ వేయించాలి. మీ ఊళ్లో కళాయి వేసేవాళ్లు ఇంకా ఉన్నారా లేదా కనుక్కుని కొనండి. నాయనమ్మ ఇత్తడి గుండీ ఏదైనా ఇంట్లో ఉంటే మాత్రం దాన్ని తూకానికి వేసి కొత్త స్టీల్ తెచ్చుకునే పని చేయకండి. మా ఇంట్లో అట్లా మూడు పోయాయి, అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

కుక్కర్, మిక్సీ

కుక్కర్‌లో నీళ్లు సుమారు 121 డిగ్రీల దాకా కాగుతాయి, అందుకే మటన్ అంత త్వరగా ఉడుకుతుంది. ఇద్దరికి 3 లీటర్లు చాలు, నెలకు రెండుసార్లు చుట్టాలొచ్చే ఇల్లైతే 5 లీటర్లు. నేను 5 తీసుకున్నాను, ఆదివారం మటన్ 3లో ఇరుకు. పప్పు పొంగుతుంది కాబట్టి సగానికి మించి వేయకూడదు. సిల్వర్‌దా స్టీల్‌దా అంటే, పులుసులు, గోంగూర మటన్ లాంటివి నేరుగా కుక్కర్‌లో చేసేవాళ్లకు స్టీల్, గిన్నెలు పెట్టి అన్నం పప్పు ఉడికించేవాళ్లకు సిల్వర్ చాలు. అడుగు నీళ్లలో చిన్న చింతపండు తొక్క వేస్తే సిల్వర్ కుక్కర్ నల్లబడదు. ఏదైనా ఐఎస్ఐ ముద్ర, దాని కింద ఐఎస్ 2347 అనే నంబరు చూడండి, 2021 ఫిబ్రవరి నుంచి అది లేకుండా ఇంటి కుక్కర్ అమ్మకూడదు. అయినా సంతల్లో అమ్ముతూనే ఉన్నారు.

మిక్సీనా గ్రైండరా అంటే ఇద్దరే ఉంటే మిక్సీ. వారానికి మూడుసార్లు ఇడ్లీ, దోసె తినే ఇల్లైతే అప్పుడు గ్రైండర్ మాట. తొక్కు నూరడానికి చిన్న రోలు ఒకటి ఉంటే చాలు, మిక్సీలో వేసిన మామిడికాయ తొక్కు తొక్కులా ఉండదు.

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ అద్దె ఇంట్లో ఉండబోయేవాళ్లు: ఒక ట్రైప్లై కడాయి, ఒక ఇనుప పెంక, స్టీల్ కుక్కర్, మూడు మామూలు స్టీల్ గిన్నెలు, ఒక చిన్న నాన్‌స్టిక్ పెనం. అంతే, నాది కూడా ఇదే, దీనికి తోడు రెండు సిల్వర్ సర్వలు.

అత్తగారింట్లో అందరితో కలిసి ఉండబోయేవాళ్లు: వంటసామాను దాదాపు ఏమీ కొనకండి. ఆ వంటింట్లో ఇరవై ఏళ్ల గిన్నెలుంటాయి, మీవి అటక మీదికి పోతాయి. అక్కడ లేనిది ఏదో అడిగి అదొక్కటి తీసుకుపోండి, మీకని ఒక మంచి టీ గిన్నె తీసుకుపోండి. పెద్ద ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి మీ గిన్నెలో మీరు టీ పెట్టుకోవడం చిన్న విషయం కాదు, మా వదిన చెప్పింది.

హైదరాబాద్‌కో, విదేశానికో పోయేవాళ్లు: మట్టి, ఇత్తడి మర్చిపోండి. విదేశమైతే పొయ్యి కరెంటుదే ఉండొచ్చు, కాబట్టి అడుగు చదునుగా ఉన్నవే తీసుకోండి, మన గుండ్రటి అడుగు మూకుడు అక్కడ గానుగలాగా తిరుగుతుంది. పోపుల డబ్బా మాత్రం ఇక్కడి నుంచే.

అవును, పోపుల డబ్బా. నేను కొన్న మొదటి వస్తువు అదే. లోపల ఏడు చిన్న గిన్నెలు, పైన అద్దం మూత. ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు, ఎండుమిర్చి, మినప్పప్పు, ఏడోదాంట్లో ఏం వేయాలో ఇంకా తేలలేదు. నాకు శనగపప్పు, ఆయనకు నువ్వులు. వారం నుంచి దీని మీద వాదన నడుస్తోంది, ప్రస్తుతానికి ఖాళీగా ఉంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి మూత తీసి చూసి పెడతాను, ఎందుకో అడగకండి.

ఎక్కడ కొనాలి

ఊళ్లో షాపు అయితే తీసుకుపోయి మార్చుకోవచ్చు, చేత్తో లేపి చూడొచ్చు. హైదరాబాద్ బేగంబజార్‌లో స్టీల్ కిలోల లెక్కన దొరుకుతుంది, రకాలు ఎక్కువ, కానీ నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు పోయి ఆరు గిన్నెలు తెచ్చుకుంటే బస్సు ఖర్చు, ఒళ్లునొప్పులు కలిపి లాభమేం ఉండదు. లగ్గంలో పంచే గిన్నెలు కూడా కలిపి తెచ్చేటట్టయితే పోండి. ఆన్‌లైన్ ట్రైప్లైకి, కుక్కర్‌కి బాగుంటుంది, రకం నంబర్లు రాసి ఉంటాయి. పెంక మాత్రం కళ్లతో చూసే కొనాలి, వంకర ఉందేమో చదును నేల మీద పెట్టి నొక్కి చూడాలి. ఇక 51 ముక్కల డిన్నర్ సెట్ అని ఊరిస్తారు, ఆ లెక్కలో చెంచాలు కూడా ఉంటాయి, లెక్కపెట్టుకోండి.

ఇంకొకటి, అవతలివాళ్లు లిస్టు రాసిచ్చి ఇన్ని తెమ్మంటే దానికి సామాను అని పేరు పెట్టినా అది కట్నమే, 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడమే తప్పు. మనంతట మనం తీసుకుపోయేవాటికి కూడా బిల్లులు దాచుకోండి, ఏమేం ఇచ్చారో రాసి ఇద్దరి సంతకాలతో పెట్టుకోవాలని 1985 నుంచి నియమాలే ఉన్నాయి. గిన్నెల ముచ్చటలో ఇదెందుకు అనుకోకండి, కాగితం ఒక్కటే కదా.

చివరగా పేరు కొట్టించడం. కొన్న రోజే షాపులో పేర్లు కొట్టించకండి, పేరు పడ్డాక మార్చుకోరు. నాలుగు రోజులు నీళ్లు కాచి, ఒక కూర వండి చూశాకే. నా శాండ్‌విచ్ బాటమ్ కడాయి మీద ముందే పేరు కొట్టించాను కాబట్టి అది ఇప్పుడు జీవితాంతం నాదే. మొన్న మిగతావి తీసుకుపోతే మిషను పట్టుకున్న పిల్లాడు "ఇంటిపేరు ఏం రాయాలక్కా, పాతదా కొత్తదా?" అన్నాడు. అమ్మ నా మొఖం చూసింది, నేను అమ్మ మొఖం చూశాను. ఇంటిపేరు వద్దు, నా పేరు ఒక్కటే రాయమన్నాను. పెంక అడుగున మాత్రం చోటు ఎక్కువుందని వాడే ఒక పువ్వు కూడా చెక్కి ఇచ్చాడు.